షిట్జు కటింగ్ ఇంట్లోనే: ముందు దువ్వెన, తర్వాతే కత్తెర

(విశాఖపట్నంలో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, కుక్కలు పెంచుకునేవాళ్ళ కోసం, కుక్కలకి కటింగ్, స్నానం చేసే ఒక గ్రూమర్ చెప్పిన మాటలు. రికార్డింగ్ విని రాసినవి.)

అందరికీ నమస్కారమండి. వెనకాల వినిపిస్తోందా? సరే. ముందు ఆ కుక్కల్ని కొంచెం దూరం దూరంగా కూర్చోబెట్టండి, లేదంటే నేను మాట్లాడేది వాటికి తప్ప మీకెవరికీ వినపడదు.

నాకు ఫోన్ చేసేవాళ్ళు ఎక్కువమంది అడిగేది ఒకటే, మేడం ఇంట్లో కటింగ్ చేద్దామనుకుంటున్నాం ఏ ట్రిమ్మర్ కొనాలి, ఏ కత్తెర కొనాలి అని. నేను తిరిగి అడుగుతా, మీరు రోజుకి ఎన్ని నిమిషాలు దువ్వగలరు అని. ఫోన్‌లో అవతల సైలెన్స్. ఎందుకు అడుగుతానంటే షిట్జుకి, అంటే పొడుగు జుట్టు పెరిగే ఈ చిన్న కుక్కకి, ఎంత జుట్టు ఉంచాలనేది నెట్‌లో ఫొటో చూసి డిసైడ్ చేసేది కాదండి, మీ ఇంట్లో దువ్వే మనిషికి ఎంత టైం ఉందో దాన్నిబట్టి ఉంటది. రోజూ ఇరవై నిమిషాలు కూర్చోగలరా, పొడుగ్గా ఉంచుకోండి, నేల మీద జీరాడేలా పెంచుకోండి, చూడముచ్చటగా ఉంటది. వారానికి రెండుసార్లే కుదురుద్దా, అయితే ఒక అంగుళం కంటే ఎక్కువ ఉంచొద్దు. ఆదివారం ఒక్కరోజే అంటే అర అంగుళం. అంతే లెక్క. జుట్టు పొడుగ్గానూ ఉండాలి, దువ్వడానికి టైమూ లేదు అంటే ఆ కష్టం మీకు కాదు, దానికి.

ఈ షిట్జు, లాసా ఆప్సో, మాల్టీస్ లాంటివాటి జుట్టు మన జుట్టు లాగా పెరుగుతూనే ఉంటది. రాలేది తక్కువ, అందుకే కదా సోఫా మీద జుట్టు పడదని కొనుక్కుంటాం. కానీ రాలిన వెంట్రుక కింద పడకుండా పక్క వెంట్రుకల్లోనే ఇరుక్కుపోద్ది. అక్కడ మొదలవుద్ది చిక్కు. పిల్లగా ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు, మెత్తగా ఉంటది, ఒక ఎనిమిది నెలల నుంచి ఏడాది లోపు పిల్ల జుట్టు పోయి పెద్ద జుట్టు వస్తది, ఆ టైంలో మీరు నిన్న సాయంత్రం దువ్వినా ఈరోజు పొద్దున్న మళ్ళీ ఉండలు. చాలామంది భయపడిపోయి నా దగ్గరికి వచ్చేది సరిగ్గా అప్పుడే. జబ్బేం కాదు, కొన్నాళ్ళు ఓపిక పట్టాలి, లేదా ఆ కొన్నాళ్ళు పొట్టిగా చేసేయండి.

(ప్రేక్షకుల్లోంచి ప్రశ్న: మాది పొమేరియన్ అండి, ఎండాకాలం కదా, గుండు చేయించమంటున్నారు అందరూ.)

మీరు అడగడం మంచిదైంది. వద్దండి. పొమేరియన్, ఇండియన్ స్పిట్జ్, వీటికి రెండు పొరలు ఉంటాయి, లోపల దూది లాంటి మెత్తటి పొర, పైన నిటారుగా ఉండే గట్టి పొర. గుండు చేస్తే లోపలిది ముందొచ్చేసి పైది నెలల తరబడి రాకపోవచ్చు, వచ్చినా అతుకులు అతుకులుగా రావచ్చు. పైగా కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయట పెట్టి రొప్పి వేడి తగ్గించుకుంటది, అందుకని గుండు చేసేస్తే చల్లగా ఉండిపోద్ది అనుకోవడం తప్పు, ఎండ నేరుగా చర్మానికి తగులుద్ది. లోపలి పొరలో రాలిన జుట్టు దువ్వి తీసేయండి, పాదాలు, వెనక భాగం శుభ్రం చేయండి, చాలు. షిట్జుని పొట్టిగా చేయొచ్చు, కానీ దానికి కూడా తోలు కనిపించేలా వద్దు.

ఇప్పుడు పిన్నిగారి కుక్క లడ్డూని టేబుల్ పైకి ఎక్కిద్దాం. పిన్నిగారూ, మీరు ఇటు వచ్చి దాని ముఖం దగ్గర నిలబడండి, మీరు కనిపిస్తే అది కుదురుగా ఉంటది. టేబుల్ మీద ఏం వేశానో చూశారా, యోగా మ్యాట్ ముక్క. ఇంట్లో డైనింగ్ టేబుల్ అయినా వాషింగ్ మెషిన్ అయినా కాళ్ళు జారకూడదు, జారితే భయపడుద్ది, ఒకసారి భయపడితే ఇంక రోజూ యుద్ధమే. ఒక చెయ్యి ఎప్పుడూ దాని మీదే ఉండాలి, ఫోన్ మోగినా సరే. టేబుల్ మీద నుంచి దూకి కాళ్ళు విరగ్గొట్టుకున్న కుక్కలు ఉన్నాయండి.

చూడండి, పైనుంచి ఎంత నీట్‌గా ఉందో. పిన్నిగారు రోజూ దువ్వుతున్నారు, నిజంగానే దువ్వుతున్నారు, నాకు తెలుస్తోంది. కానీ పైపైన. ఇప్పుడు నేను ఈ స్టీలు దువ్వెన, ఒకవైపు పళ్ళు దూరంగా ఒకవైపు దగ్గరగా ఉన్నది, చెవి వెనక పెడతా. ఆగిపోయింది చూశారా? ఇక్కడ రేగిపండంత ఉండ ఉంది. పైన ఉన్న జుట్టు దాన్ని కప్పేసింది. ఇవి ఎప్పుడూ ఒకే చోట్ల ఉంటాయి, చెవుల వెనక, బెల్టు కింద, చంకల్లో, గజ్జల దగ్గర, తోక మొదట్లో, కాలి వేళ్ళ మధ్య. హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ తగిలించే బెల్టు, వేసే కుక్కలకి చంకల్లో ఖాయం. ఇంట్లో ఉన్నప్పుడు హార్నెస్ తీసేయండి దయచేసి.

మరి దువ్వడం ఎలా అంటే, కాలి దగ్గర నుంచి మొదలు. ఎడమ చేత్తో జుట్టంతా పైకి ఎత్తి పట్టుకోవాలి, కింద ఒక వరస మాత్రమే వదలాలి, చర్మం మీద పాపిడి గీతలాగా కనిపించాలి, ఇలాగ. ఆ ఒక్క వరస స్లిక్కర్ బ్రష్‌తో మెల్లగా. అంటే ఈ సన్నటి తీగల బ్రష్, దీన్ని నొక్కి రుద్దితే చర్మం గీరుకుపోద్ది, మీ ముంజేతి మీద ఒకసారి లాగి చూసుకోండి ఎంత గట్టిగా పట్టాలో తెలుస్తది. తర్వాత ఇంకో వరస వదలాలి. అలా పొట్ట నుంచి వీపు దాకా. స్లిక్కర్ అయ్యాక స్టీలు దువ్వెన మొదలు నుంచి చివరి దాకా ఎక్కడా ఆగకుండా రావాలి. అదే పరీక్ష. దువ్వెన ఆగింది అంటే పని అవలేదు. ఇంకోటి, పొడి జుట్టు మీద దువ్వితే తెగిపోద్ది, స్ప్రే బాటిల్లో నీళ్ళు పోసి కొంచెం కుక్కల కండిషనర్ కలుపుకుని పొగమంచులా కొట్టుకుంటూ దువ్వండి.

ఇక ఈ ఉండ. ఇక్కడ అందరూ చేసేది ఏంటంటే కత్తెర తీసుకుని కింద పెట్టి కచ్ మని కోసేస్తారు. చిక్కు లాగినప్పుడు దానితోపాటు చర్మం కూడా పైకి లేస్తది, మీకు కనపడదు, మీరు కోసేది వెంట్రుకనా తోలునా తెలియదు. చెవి వెనకైతే మరీనూ, అక్కడ చర్మం కాగితంలా పల్చగా ఉంటది. కుట్లు పడిన కేసులు నేను చూశాను, ఆ చేసినవాళ్ళంతా ప్రేమగా పెంచుకునేవాళ్ళే. కాబట్టి ఏం చేద్దామంటే, కొంచెం కార్న్‌ఫ్లోర్, అవును వంటింట్లోదే, ఉండ మీద చల్లి వేళ్ళతో నలపండి. జారుడు వస్తది. ఇప్పుడు ఉండకీ చర్మానికీ మధ్య జుట్టుని రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకోండి, లాగుడు చర్మానికి తెలియకూడదు. వేళ్ళతో ఉండని రెండుగా, నాలుగుగా విడదీయండి. తర్వాత దువ్వెన చివర పళ్ళతో, అమ్మ మనకి జడ విప్పేటప్పుడు చేసేది గుర్తుందా, కొసల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెం పైకి, అట్లాగ. ఉండు నాన్నా లడ్డూ, అయిపోయింది. చూడండి, వచ్చేసింది. ఉడికించిన చికెన్ ముక్క ఒకటి ఇవ్వండి పిన్నిగారూ. ఉప్పూ ఉల్లిపాయా లేకుండా ఉడికించిందే కదా? ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి పడవు, అందుకని అడిగా.

రెండు మూడు నిమిషాల్లో రాకపోతే ఆ ఉండ వదిలేయండి, క్లిప్పర్‌తో, అంటే కుక్కల జుట్టు తీసే మెషిన్‌తో, తీసేయడమే. ఒళ్ళంతా అట్టకట్టిపోయి ఉంటే మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు. గంటలకొద్దీ పీకి జుట్టు కాపాడాలని చూడటం హింస. మొత్తం పొట్టిగా తీసేస్తే మళ్ళీ నెలకి సుమారు సెంటీమీటరు చొప్పున పెరుగుతూనే ఉంటది, ఏం నష్టం లేదు. ఇంకో సంగతి, చెవులు బాగా అట్టకట్టిన కుక్కకి అది తీసేశాక ఒక్కసారిగా తేలికైపోయి తల అదేపనిగా విదిలిస్తది, అప్పుడు చెవి తమ్మెలో రక్తం చేరి ఉబ్బే అవకాశం ఉంది. అలాంటివి డాక్టర్ ఉన్నచోటే చేయించండి.

స్నానం సంగతికొద్దాం. దువ్వకుండా నీళ్ళు పొయ్యొద్దు. చిన్న చిక్కు తడిసి ఆరిందంటే బిగుసుకుని రాయి అయిపోద్ది. ముందు దువ్వడం, తర్వాత స్నానం, పూర్తిగా ఆరబెట్టి మళ్ళీ దువ్వడం, ఆ తర్వాత కటింగ్. మురికి జుట్టు మీద క్లిప్పర్ పెడితే బ్లేడు మొద్దుబారిపోద్ది, కటింగ్ మెట్లు మెట్లుగా వస్తది.

షాంపూ కుక్కలదే వాడాలి. మన చర్మం పీహెచ్, అంటే ఆమ్లం-క్షారం కొలత, 5.5 దగ్గర ఉంటది, వాటిది 7కి దగ్గరగా ఉంటది, మన షాంపూతో పొడిబారి గోక్కోవడం మొదలెడతాయి. బేబీ షాంపూ కూడా మనుషుల పిల్లలకే. అన్నిటికంటే నాకు కోపం వచ్చేది డెటాల్. నీళ్ళలో రెండు మూతలు వేస్తారు, క్రిములు పోతాయని. అది చర్మాన్ని మండిస్తది, తర్వాత కుక్క ఒళ్ళు నాక్కుంటది, కడుపులోకి పోద్ది. వద్దే వద్దు. కుంకుడుకాయ మన అమ్మమ్మల కాలం నుంచి ఉన్నదే, కాదనను, కానీ షిట్జు కళ్ళు బయటికి ఉంటాయి, ఆ నురగ కంట్లో పడితే మనకే ప్రాణం పోద్ది కదా. కొబ్బరినూనె రాసి మెరుస్తోంది అంటారు, దుమ్మంతా అంటుకుంటది, నాకేస్తది. పసుపు సంగతి చెప్పక్కర్లేదు, తెల్ల కుక్క పసుపు కుక్క అవుద్ది.

షాంపూ నేరుగా పొయ్యకుండా మగ్గులో నీళ్ళు కలిపి పోస్తే లోపలిదాకా వెళ్తది, కడగడమూ సులువు. బోరు నీళ్ళు వచ్చే ఇళ్ళల్లో ఎక్కువసేపు కడగాలి, ఉప్పు నీళ్ళలో నురగ సరిగా పోదు, లోపల మిగిలిపోయి దురద. టవల్‌తో రుద్దొద్దు, అద్దండి. రుద్దితే ఇందాక దువ్వినదంతా వృథా.

మన వైజాగ్‌లో అసలు సమస్య ఆరబెట్టడమండి. ఈ గాలిలో తేమ ఉంటది కదా, ఫ్యాన్ కింద వదిలేస్తే పైన ఆరినట్టుంటది, లోపల చర్మం దగ్గర రాత్రి దాకా తడి. అక్కడ ఫంగస్, ఈస్ట్, ఆ పుల్లటి వాసన, ఎర్రటి పుండ్లు. డ్రైయర్ తక్కువ వేడి మీద పెట్టి, మీ చెయ్యి మధ్యలో అడ్డం పెట్టుకుని, దువ్వుతూ ఆరబెట్టండి. ముఖానికి నేరుగా కొట్టొద్దు. ఇవి చప్పిడి ముక్కు కుక్కలు, వేడికి ఊపిరాడక తొందరగా ఇబ్బంది పడతాయి, రొప్పడం ఆగకపోయినా నాలుక ముదురు ఎరుపుకో నీలానికో తిరిగినా పని ఆపేసి చల్లగాలికి తీసుకెళ్ళండి, అప్పటికీ తేరుకోకపోతే వెంటనే డాక్టర్. ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళేవాళ్ళు ఎవరెవరు? చేతులెత్తండి. ఇంతమందా! ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కాళ్ళూ పొట్టా కడిగి వేళ్ళ మధ్య ఇసుక చూడండి. ఉప్పూ ఇసుకా కలిసి ఆరితే చిక్కుకి అంతకంటే ఏం కావాలి.

ఇప్పుడు క్లిప్పర్. మగవాళ్ళ గడ్డం ట్రిమ్మర్ సరిపోదా అని అడుగుతారు. పాదాల కింద వెంట్రుకలకి సరిపోద్ది. ఒంటికి సరిపోదు, మోటారు చాలక వెంట్రుకని పట్టుకుని లాగుద్ది, ఒకసారి లాగిందంటే తర్వాత ఆ సౌండ్ వింటేనే మంచం కిందికి. కుక్కల క్లిప్పర్‌లో 10 నంబర్ బ్లేడు ఉంటది, అది సుమారు 1.5 మిల్లీమీటర్లు మిగులుస్తది, అంటే దాదాపు గుండే. 7ఎఫ్ సుమారు 3, 5ఎఫ్ 6, 4ఎఫ్ తొమ్మిదిన్నర. నంబర్ పెరిగేకొద్దీ జుట్టు తగ్గుతది, ఇక్కడ చాలామంది ఉల్టాగా అనుకుంటారు. ఎఫ్ అక్షరం లేకుండా ఒట్టి 7, 5, 4 అని ఉండేవాటికి పళ్ళు ఒకటి పొడుగు ఒకటి పొట్టిగా ఉంటాయి, వాటిల్లో చర్మం ముడత దూరే ప్రమాదం ఎక్కువ, ఇంట్లో వాడొద్దు. కొత్తవాళ్ళకి నా సలహా, 10 నంబర్ బ్లేడు మీద దువ్వెన లాంటి ప్లాస్టిక్ గార్డ్ తగిలించుకోండి, 13 మిల్లీమీటర్లదో 16దో. గార్డ్ నడవాలంటే జుట్టు పూర్తిగా దువ్వి ఉండాలి, లేకపోతే సగంలో ఇరుక్కుంటది. మళ్ళీ దువ్వెన దగ్గరికే వచ్చాం చూశారా.

జుట్టు ఏవైపు పడుకుని ఉందో అటే నడపాలి, మెడ నుంచి తోక వైపుకి, వీపు నుంచి కిందికి. ఎడమ చేత్తో చర్మం సాగదీసి పట్టుకోవాలి. చంకలోనూ, వెనక కాలికీ పొట్టకీ మధ్య పల్చటి ముడత ఉంటది కదా అక్కడా, చెవి అంచుల్లోనూ జాగ్రత్త. పొట్ట కింద చనుమొనలు ఉంటాయి, మగ కుక్కకి కూడా ఉంటాయి, ముందు వేలితో తడిమి చూసుకోండి. కొన్ని నిమిషాలకోసారి బ్లేడు మీ మణికట్టు లోపలివైపు ఆనించి చూడండి. వేడిగా అనిపిస్తే ఆపేయండి. ఒకావిడ వేరేచోట కటింగ్ చేయించుకుని మర్నాడు నా దగ్గరికి తెచ్చింది, ఆ కుక్క గజ్జల దగ్గర ఎర్రగా కమిలిపోయి ఉంది, వేడి బ్లేడే, ఇంకేం కాదు. రెండు చుక్కల క్లిప్పర్ ఆయిల్ వేస్తే బ్లేడు చల్లగా నడుస్తది, ఆ సీసా డబ్బాలోనే ఇస్తారు, మనం తీసి పారేస్తాం.

ముఖం. ఇది మొదటిసారే మీరు చేయాలని లేదు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, షిట్జుని ఎప్పుడూ మెడ వెనక తోలు పట్టి బిగించొద్దు, మెడ నొక్కొద్దు. వీటి కంటి గుంట లోతు తక్కువ, గట్టిగా అదిమితే కన్ను బయటికి వచ్చేసే ప్రమాదం ఉంది, నేను బెదిరించడానికి చెప్పట్లేదు, డాక్టర్లు చూసే ఎమర్జెన్సీయే ఇది. గడ్డం కింద జుట్టు ఇలా గుప్పిట్లో మెత్తగా పట్టుకోండి, తల అదే ఆగుతది. కంటి మూల పుసి గోకొద్దు, గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూది కాసేపు ఆనిస్తే మెత్తబడుద్ది, అప్పుడు సన్నపళ్ళ దువ్వెనతో. కత్తెర చివరలు గుండ్రంగా ఉన్నది తీసుకోండి, మొన కంటివైపు కాకుండా ముక్కువైపు ఉండాలి, ముఖానికి సమాంతరంగా. కళ్ళ మధ్య జుట్టు కొంచెం కొంచెం. చెవుల జుట్టు కోసేటప్పుడు చెవి అంచుని వేళ్ళ మధ్య పట్టుకుని, వేళ్ళ అవతల ఉన్నది మాత్రమే కోయండి. పిలక వేసేవాళ్ళు రబ్బరు మరీ బిగించొద్దు, తీసేటప్పుడు లాగకుండా రబ్బరునే కత్తిరించేయండి. కన్ను సగం మూసి నీళ్ళు కారుతుంటే అది కటింగ్ పని కాదు, అదేరోజు డాక్టర్.

(ప్రశ్న: కళ్ళ కింద ఎర్ర మరకలు ఏం చేసినా పోవట్లేదు.)

కన్నీళ్ళలో ఉండే పోర్ఫిరిన్ అనే పదార్థం వల్ల ఆ రంగు. ఉన్న మరక పోదు, ఆ వెంట్రుక పెరిగి కట్ అయిపోవాల్సిందే. కొత్త మరక రాకుండా రోజూ తుడిచి ఆరబెట్టండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తారట కొందరు, కంటి పక్కన! చెయ్యొద్దమ్మా.

పాదాలు, గోళ్ళు తొందరగా చెప్పేస్తా. అడుగున మెత్తల మధ్య జుట్టు మెత్తలతో సమానంగా తీయండి, లోపలికి తవ్వొద్దు. ఇది పెరిగితే గ్రానైట్ ఫ్లోర్ మీద జారుతుంటాయి, ముసలివాటికి మరీ ఇబ్బంది. గోరులో రక్తనాళం ఉంటది, తెల్లగోరైతే గులాబీ రంగులో కనిపిస్తది, నల్లగోరైతే ఒక మిల్లీమీటరు చొప్పున కోస్తూ మధ్యలో ముదురు చుక్క కనపడగానే ఆపేయాలి. రక్తం వస్తే స్టిప్టిక్ పౌడర్, అంటే రక్తం ఆపే పొడి, లేకపోతే ఇందాకటి కార్న్‌ఫ్లోరే అదిమి పట్టండి, ఆగుతది. కాలికి పైన పక్కగా ఒక బొటనవేలు గోరు ఉంటది, అది నేలకి తగలదు కాబట్టి అరగదు, జుట్టులో కనపడదు, గుండ్రంగా తిరిగి తోల్లోకే గుచ్చుకుంటది. లడ్డూకి చూస్తా... పర్లేదు, బానే ఉంది.

వానాకాలం పిడుదులు చెవి లోపలా వేళ్ళ మధ్యా చూసుకోండి, ట్వీజర్‌తో చర్మానికి ఆనించి తిన్నగా లాగాలి, కిరసనాయిలు పొయ్యడం, గోళ్ళతో నలపడం వద్దు, టిక్ ఫీవర్ వాటి నుంచే. పిడుదులు పోవడానికి మెడ మీద చుక్కలుగా వేసే స్పాట్ ఆన్ మందు వేస్తే సాధారణంగా అటు రెండు రోజులు ఇటు రెండు రోజులు స్నానం చేయించకూడదు, ప్యాకెట్ మీద చదవండి.

చివరిగా, అస్సలు కుదురుగా ఉండట్లేదని జలుబు మాత్ర, నిద్రమాత్ర సగం వేసి కూర్చోబెట్టేవాళ్ళున్నారు. ముక్కు చప్పిడి కుక్కకి మత్తు ఇవ్వాలంటే డాక్టరే ఆలోచించి ఇస్తారు. మీరు క్లిప్పర్ కొన్నాక కొన్నాళ్ళు కటింగ్ చెయ్యకండి, అన్నం పెట్టేటప్పుడు పక్కన ఆన్ చేసి పెట్టండి అంతే. తర్వాత ఆఫ్ చేసిన క్లిప్పర్ వీపుకి ఆనించండి. తర్వాత ఆన్ చేసి. ఒకరోజు ముందు కాళ్ళు, ఇంకోరోజు వెనక కాళ్ళు. సగం కటింగ్‌తో రెండు రోజులు తిరిగితే ఎవరికి నష్టం? దానికి అద్దం అక్కర్లేదు కదా. (నవ్వులు)

సరేనండి, ఇంక చెప్పేకంటే చేత్తో పట్టి చూడటం మేలు. గోళ్ళు చూపిస్తా, ఒక్కొక్కరే కుక్కని తీసుకుని ఇటు రండి. బెల్టులు మాత్రం వదలొద్దు, ఆ మూల జర్మన్ షెపర్డ్ ఇందాకటి నుంచి లడ్డూ చికెన్ వైపే చూస్తోంది.